బటన్ ఫోనా, టచ్ ఫోనా? ముందు సిమ్ సంగతి తేల్చుకోండి

పోయిన పత్తి సీజనులో ఒక పొద్దున మా అన్న ఊరి నుంచి ఫోను చేశాడు. మాది పరకాల దగ్గర ఊరు. "తమ్ముడూ, పత్తి అమ్మాలంటే యాప్‌లో స్లాట్ పెట్టుకోవాలంటున్నారు. నా చిన్న ఫోనులో అది వస్తుందా?" అని అడిగాడు. రాదు. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 2025-26 సీజను నుంచి ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాట్ తీసుకుని రమ్మంది. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. బయట తూకం వేసుకునేవాడు ఎంతకు అడుగుతాడో పత్తి రైతుకు నేను చెప్పనక్కరలేదు.

ఆ పూటకు పక్కింటి కుర్రాడి ఫోనులో స్లాట్ పెట్టించాం. "అయితే నన్నూ టచ్ ఫోను కొనుక్కోమంటావా?" అన్నాడు అన్న. వెంటనే అవుననలేకపోయాను. అన్న చేతులు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఆయన ఫోను నంబరుకు ఏయే ఖాతాలు ముడిపడి ఉన్నాయో కూడా తెలుసు. వారం గడువు అడిగాను. ఆ వారంలో ఆలోచించినవీ, అంతకుముందు చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు ఎంచిపెట్టినప్పుడు తెలిసివచ్చినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ పని చేసినవాణ్ని. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు ఈ వేళ్ల మీదుగానే వెళ్లాయి. నొక్కితే కిందికి దిగి పైకి లేచే మీట అంటే నాకు పక్షపాతం ఉంది. చదివేటప్పుడు దాన్ని కాస్త తగ్గించి చదువుకోండి.

సిమ్ ఎక్కడుండాలి?

ఫోను కొనబోయే వారెవరైనా ధర, కెమెరా, బ్యాటరీ అడుగుతారు. నేను మొదట అడిగేది వేరు: మీ బ్యాంకు ఖాతాకూ, ఆధార్‌కూ ఇచ్చిన నంబరు ఏది, ఆ సిమ్ ఏ ఫోనులో ఉండబోతుంది?

ఎందుకంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యూపీఐ యాప్‌లు నమోదయ్యేటప్పుడు ఆ ఫోనులో ఉన్న సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి సరిచూసుకుంటాయి. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోనులో లేకపోతే ముందుకు సాగదు. "ఓటీపీలు చిన్న ఫోనుకు రావాలి, ఫోన్‌పే పెద్ద ఫోనులో ఉండాలి" అని చాలామంది అడుగుతారు. ఒకే నంబరుతో అది కుదరదు. రెండు నంబర్లు, రెండు ఖాతాలు ఉంటే చక్కగా కుదురుతుంది.

రెండు నంబర్లుంటే ఇంకో లాభం ఉంది. ఈ మధ్య మన పల్లెల దాకా వచ్చిన మోసాల్లో ఒకటి వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు. పెళ్లి పత్రిక అనో, బండి చలానా అనో పేరు ఉంటుంది. నొక్కితే అదొక యాప్‌గా ఫోనులో కూర్చుని, వచ్చే ఎస్సెమ్మెస్‌లను చదివి ఓటీపీలను అవతలివాడికి చేరవేస్తుంది. సాదా బటన్ ఫోనులో అది ఎక్కదు, ఎక్కడానికి చోటే లేదు. అందుకే పంట డబ్బు, పింఛను, ఆధార్ ముడిపడిన నంబరు బటన్ ఫోనులో ఉంచి, రెండు మూడు వేలకు మించి ఉంచని చిన్న ఖాతాను ఇంకో నంబరుతో టచ్ ఫోనులో పెట్టుకుంటే, పొరపాటున వేలు తగిలినా పోయేది కిరాణా డబ్బుతో ఆగుతుంది. ఓటీపీని నోటితో చెప్పేస్తే మాత్రం బటన్ ఫోను కాపాడలేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఆ నంబరు ఏ ఫోను నుంచైనా కలుస్తుంది.

టచ్ ఫోనులో రెండు సిమ్‌లకు చోటు ఉంది కదా అని రెండూ అందులోనే దూర్చేవారున్నారు. అలా చేస్తే పైన చెప్పిన ఏర్పాటంతా వృథా. వాట్సాప్‌ను కూడా టచ్ ఫోనులో ఉండే నంబరుతోనే తెరవండి. సిమ్ ఉన్న ఫోనులోనే మెసేజ్ యాప్‌లు పనిచేసేలా చూడాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. ఒక ఫోనులో సిమ్, ఇంకో ఫోనులో వాట్సాప్ అనే పాత అలవాటును నమ్ముకోవడం మంచిది కాదు.

చేతులు

టచ్ ఫోను అద్దం మీద కంటికి కనిపించని సన్నటి విద్యుత్ క్షేత్రం ఉంటుంది. వేలు ఆనినచోట అది కాస్త మారుతుంది, ఆ మార్పును బట్టి ఎక్కడ తాకామో ఫోను లెక్కగడుతుంది. ఒత్తిడితో దానికి పనిలేదు, చర్మంలోని తేమతోనే పని. నీటి చుక్క పడితే దాన్నీ వేలే అనుకుంటుంది. పగుళ్లు వారి, కాయలు కాసి, ఎండిపోయిన వేలును ఒక్కోసారి గుర్తుపట్టదు. మా అన్న నా ఫోను తీసుకుని ఫోటోలు చూడబోతే మూడుసార్లు రుద్దాక ఒకసారి కదులుతుంది. "నీ ఫోనుకు నేను నచ్చలేదు" అంటాడు.

మిర్చి రోజుల్లో ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. బస్తాలు విప్పి కుప్ప పోసి, తాలు ఏరి, దడ్వాయి (తూకం వేసే మనిషి) కాంటా పెట్టి, అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి వచ్చేదాకా రైతు చేతికి కారం అంటుకునే ఉంటుంది. ఆ చేత్తో అద్దం మీద రాసి, దాన్నే చెవికి, చెంపకు ఆనించుకోవాలి. చపాటా రకం మిర్చి అయితే కొంత నయం, అది రంగుకే గాని ఘాటుకు పేరుపడ్డ రకం కాదు. తేజ అయితే ఆ సాయంత్రం దాకా చెంప మండుతూనే ఉంటుంది. అక్కడి హమాలీలు చాలామంది బటన్ ఫోను చొక్కా జేబులో వేసుకుని, చూడకుండానే బొటనవేలితో ఆకుపచ్చ మీట నొక్కి మాట్లాడతారు. ఆ పనికి అంతకన్నా మంచి ఫోను నాకు కనిపించలేదు.

2003లో వచ్చిన నోకియా 1100ను గుర్తు చేసుకోండి. ముందువైపంతా ఒకే రబ్బరు తొడుగు, దుమ్ము లోపలికి పోదు, పైన టార్చి. ప్రపంచమంతటా పాతిక కోట్ల దాకా అమ్ముడైన ఆ ఫోనును తయారు చేసినవారు మనలాంటి ఊళ్లను మనసులో పెట్టుకునే చేశారనిపిస్తుంది.

మీటలకు మరో గుణం ఉంది. ఏ బటన్ ఫోనైనా తీసుకుని కళ్లు మూసుకుని తడమండి, 5 అంకె మీద చిన్న బొడిపె తగులుతుంది. దాన్ని పట్టుకుంటే మిగతా అంకెలన్నీ చేతికి తెలుస్తాయి. చూపు తగ్గినవారికి ఇది పెద్ద ఆసరా. ప్రమాదంలో ఉన్నప్పుడు అత్యవసర నంబరు 112కు కలిపే ప్యానిక్ బటన్ ప్రతి ఫోనులో ఉండాలన్న నిబంధన 2017 నుంచి ఉంది. బటన్ ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవాలి, టచ్ ఫోనులో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. ఇంట్లో పెద్దవారికి ఫోను కొనిచ్చిన రోజే ఇది చూపించండి.

తెలుగు రాయడం

ఈ విషయంలో నా పక్షపాతం నాకే ఎదురు తిరిగింది.

‘స్త్రీ’ అని రాయండి. కంటికి ఒక్క అక్షరం. ఫోను లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు ముక్కలు. బటన్ ఫోనులో మన యాభై ఆరు అక్షరాలను తొమ్మిది పది మీటల మీద సర్దుతారు, అంటే మీటకు ఐదారు అక్షరాలు. కావలసింది వచ్చేదాకా అదే మీటను మళ్లీ మళ్లీ నొక్కాలి. ఆరు ముక్కలకు ఎన్ని నొక్కులవుతాయో లెక్కపెట్టి చూశాను, ఇరవై దాటాక మానేశాను. మూడేసి అక్షరాలున్న అంకెల మీటలతో ఇంగ్లీషు మెసేజ్ చకచకా కొట్టిన తరం మనది, నిజమే. కానీ తెలుగులో ఆ వేగం ఎప్పుడూ రాలేదు. అందుకే మనవాళ్లు ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు.

టచ్ ఫోనులో ఆ బాధ లేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చూపిస్తుంది, వేలితో అద్దం మీద రాస్తే అచ్చు అక్షరం చేస్తుంది. 2017లో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చాక మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు. మా వదిన చదివింది ఐదో తరగతి. దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి రోజూ ఏదో ఒకటి పంపుతుంది, మీట నొక్కడం గాని అక్షరం రాయడం గాని లేదు.

చదువు తక్కువైనవారికి బటన్ ఫోనే సులభమని అందరం అనుకుంటాం. ఫోను ఎత్తడం, పెట్టేయడం వరకు అది నిజం. ఆ తర్వాతదంతా మెనూ, మెనూ లోపల మెనూ, చదవడం రావాలి. టచ్ ఫోనులో మనిషి బొమ్మ మీద వేలు పెడితే ఆ మనిషికి ఫోను వెళుతుంది. చదువు రాని అమ్మలకు చాలాసార్లు టచ్ ఫోనే సులువుగా వచ్చింది, నేను ఊహించనే లేదు.

బటన్ ఫోనే కొనేవారు ఒకటి గమనించండి. 2016లో వచ్చిన భారతీయ ప్రమాణం ప్రకారం మన దేశంలో అమ్మే ఫోను 22 భాషల సందేశాలనూ చూపించాలి. రాయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీతో పాటు ఇంకొక్క భారతీయ భాష ఉంటే సరిపోతుంది. ఆ ఒక్కటి తెలుగే కానక్కరలేదు. దుకాణంలోనే సెట్టింగుల్లో చూసుకోండి.

సిగ్నలు

దీన్ని త్వరగా ముగిస్తాను. జియోకు 2జీ, 3జీ లేవు, అంతా 4జీ, 5జీ. పాత 2జీ బటన్ ఫోనులో జియో సిమ్ వేస్తే ‘నో సర్వీస్’ అని వస్తుంది. ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌లు 2జీ మీద ఇంకా పనిచేస్తున్నాయి. బీఎస్ఎన్ఎల్ 4జీ వాడాలనుకుంటే, ఆ ఫోను 700 మెగాహెర్ట్జ్ బ్యాండును, అంటే బ్యాండ్ 28ని, పట్టుకుంటుందో లేదో అడగండి. ములుగు, తాడ్వాయి అడవి వైపు ఉండేవారికి ఇది ముఖ్యం, తక్కువ పౌనఃపున్యం తరంగాలు చెట్లను దాటుకుని ఎక్కువ దూరం పోతాయి. ఏ కంపెనీ మంచిదని నన్ను అడగకండి. మీ ఇంటి వెనక గదిలో ఏది పలుకుతుందో అదే మంచిది.

నాలుగు దారులు పక్కపక్కన

| చూడవలసినది | సాదా బటన్ ఫోను | 4జీ బటన్ ఫోను | టచ్ ఫోను | మీటలున్న ఆండ్రాయిడ్ |
|---|---|---|---|---|
| కపాస్ కిసాన్ లాంటి యాప్‌లు | లేవు | లేవు | ఉన్నాయి | ఉన్నాయి, పాత మోడళ్లలో అనుమానం |
| డబ్బు పంపడం | ఫోను కాల్ ద్వారా | కాల్ ద్వారా, కొన్నింటిలో సొంత యూపీఐ | అన్నీ | అన్నీ, పాతవాటిలో బ్యాంకు యాప్ మొరాయించవచ్చు |
| తెలుగు రాయడం | చాలా కష్టం | కష్టం | నోటితో, వేలితో, మీటలతో | మీటల మీద తెలుగు ఉండదు |
| తడి, కారం, మట్టి చేతులు | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | ఇబ్బందే | సగం సగం |
| చార్జింగ్ | మూడు నాలుగు రోజులకోసారి | రెండు మూడు రోజులకోసారి | రోజూ | రోజూ లేదా రోజు విడిచి రోజు |
| పడితే | బ్యాటరీ ఊడుతుంది, పెట్టుకోవచ్చు | దాదాపు అంతే | అద్దం పగులుతుంది | విడిభాగం దొరకదు |
| ఖర్చు | దాదాపు వెయ్యి నుంచి రెండు వేలు | వెయ్యి నుంచి నాలుగు వేలు | ఏడెనిమిది వేల నుంచి పైకి | ఇరవై వేలు, ఆపైన |

*సాదా బటన్ ఫోను.* మాట్లాడటానికి, టార్చికి, అలారానికి, ఓటీపీకి. డబ్బు పంపలేమని చాలామంది అనుకుంటారు, పంపవచ్చు. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఇలాంటి ఫోన్ల కోసమే. ఒక నంబరుకు ఫోను చేసి, అది చెప్పినట్టు అంకెలు నొక్కుతూ పోవాలి. మొదట ఒక్కసారికి 5,000 రూపాయల పరిమితి ఉండేది, రిజర్వ్ బ్యాంకు దాన్ని 10,000కు పెంచింది. ఇంటర్నెట్ అక్కరలేదు. అయితే కిరాణా కొట్టు ముందు నలుగురు నిలబడి ఉండగా ఆ అంకెల తతంగం నడపాలంటే ఓపిక కావాలి, చుట్టుపక్కల వాళ్లకు కూడా. నెలకోసారి కరెంటు బిల్లు కట్టడానికి బాగుంటుంది, రోజూ చాయ్‌కి కాదు.

*4జీ బటన్ ఫోను.* 2017లో జియోఫోను వచ్చినప్పుడు ఇదే అసలైన మధ్యేమార్గం అనుకున్నాను. 1,500 రూపాయల డిపాజిట్‌తో బటన్ ఫోను, అందులో యూట్యూబు, తర్వాత వాట్సాప్ కూడా. మరుసటి ఏడాది వచ్చిన జియోఫోను 2కు పూర్తి ఇంగ్లీషు కీబోర్డు పెట్టారు, 2,999 రూపాయలు. కానీ అవి నడిచిన కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద కొత్తగా వాట్సాప్ దించుకోవడం 2024లో ఆగిపోయింది. ఉన్నవారికీ తర్వాత తీసేశారు. బటన్ ఫోనులోని యాప్‌లను నమ్ముకుంటే ఇదే తిప్పలు: మనం వాడుతూనే ఉంటాం, కంపెనీ వదిలేసి పోతుంది. కాబట్టి 4జీ బటన్ ఫోనును జియో సిమ్ పనిచేస్తుందనో, మాట స్పష్టంగా వినిపిస్తుందనో కొనండి. పెట్టె మీద ముద్రించిన యాప్‌ల బొమ్మలు చూసి కొనకండి.

*టచ్ ఫోను.* దీని మంచి చెప్పడానికి నేను అక్కరలేదు. చెడు మాత్రం చెబుతాను. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లాం. జంపన్న వాగులో స్నానం చేసి, తడి బట్టలతో, బంగారం (అక్కడ మొక్కుగా ఇచ్చే బెల్లాన్ని అలాగే అంటారు) మోసిన జిగట చేతులతో గద్దెల వైపు నడుస్తుంటే మా చిన్నమ్మ కనిపించలేదు. నా చేతిలో ఖరీదైన ఫోను. బెల్లం అంటిన వేలికి అద్దం తెరుచుకోదు, తుడుచుకుందామంటే కండువా కూడా తడే. ఎలాగో తెరిస్తే జనానికి టవర్ నిండిపోయి ఇంటర్నెట్ చక్రం తిరుగుతూనే ఉంది, బ్యాటరీ పదిహేను శాతం. చివరికి మా బావ తన బటన్ ఫోను నుంచి నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే చిన్నమ్మ బటన్ ఫోనుకు కలిసింది. ఆమె కొబ్బరికాయల దుకాణం నీడలో కూర్చుని, మేమే తప్పిపోయామని గట్టిగా తిట్టింది.

ఇంకో లోపం పగిలే అద్దం. ఏడెనిమిది వేల ఫోనుకు డిస్‌ప్లే మార్చడానికి ఒక్కోచోట రెండు వేలు దాటుతుంది. నేనొకసారి తక్కువలో వేస్తామన్న దుకాణంలో వేయిస్తే, నెల తిరగకుండా కింది వరుస తాకుడు పోయింది. సరిగ్గా స్పేస్ బార్ ఉండే చోటు. ఆ ఫోను నుంచి ఆ తర్వాత నేను పంపిన సందేశాలన్నీ ఒకే పొడుగాటి మాటలు. కొన్న రోజే వందో రెండొందలో పెట్టి కవరు, అద్దం మీద గాజు పొర వేయించండి.

చేతులు వణికేవారికి టచ్ ఫోను పనికిరాదని అంత త్వరగా తేల్చకండి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో, వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్టు లెక్కవేయాలో మార్చుకునే వీలుంది. అక్షరాల సైజు, చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా అక్కడే ఉంటాయి. దుకాణంవాడు అవి చూపించడు. ఇంట్లో పిల్లలు చూపించాలి.

*మీటలున్న ఆండ్రాయిడ్.* దీని గురించి అడిగేది వరంగల్ నిట్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలూ, నాలాంటి పాత చేతులూ. 2007లో ఐఫోను రావడంతో అద్దం గెలిచింది, బ్లాక్‌బెర్రీ దాని వెనకే కుంటుకుంటూ వచ్చింది. ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఫోన్ల సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి. ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌గా కనిపించే బ్లాక్‌బెర్రీ కీ2 అందంగానే ఉంటుంది, నేనూ మోజుపడ్డాను. కానీ అది 2018 ఫోను, ఆండ్రాయిడ్ 8 దగ్గరే ఆగిపోయింది. దానిలో బ్యాంకు యాప్ పెట్టమని ఎవరికీ చెప్పలేను. కొత్తవి కావాలంటే యూనిహెర్ట్జ్ టైటాన్ లాంటివి బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. మీట ఊడితే హనుమకొండ చౌరస్తాలో బాగుచేసేవాడు దొరకడు.

తెలుగువారికి ఇందులో ఒక అడ్డంకి ఉంది, సమీక్షల్లో ఎవరూ రాయరు. తెలుగుకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘త’ ఉన్నది ఎల్ మీట మీద. దాని కుడివైపు సెమికోలన్ మీట మీద ‘చ’, ఆ పక్క మీట మీద ‘ట’, పై వరుస చివర బ్రాకెట్ మీట మీద ‘డ’ ఉంటాయి. ఫోను మీటల్లో ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలకే చోటు. ఆ చివరి మీటలు ఉండవు. ‘చెట్టు’ అని రాయబోతే చ లేదు, ట లేదు. అప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగుగా మార్చుకోవడమే గతి, ఆ పని టచ్ ఫోను ఇంకా బాగా చేస్తుంది.

కాబట్టి తెలుగులో ఎక్కువగా రాసేవారికి నా సలహా: మామూలు టచ్ ఫోను కొని, దానికి పూర్తి సైజు బ్లూటూత్ కీబోర్డు తగిలించండి. వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. ఇన్‌స్క్రిప్ట్ ఉన్న కీబోర్డు యాప్ వేసుకుని, డబ్బు కట్టకముందే దుకాణంలో ‘చెట్టు’ అని కొట్టి చూడండి. మా డీటీపీ వాళ్లలో ఎక్కువమంది అను స్క్రిప్ట్ అనే తెలుగు సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ అనే కీబోర్డు అమరిక అలవాటైన చేతులు. వారికి ఇన్‌స్క్రిప్ట్ మొదటి నెల నరకమే. ఆ తర్వాత బాగానే ఉంటుంది. ఈ వ్యాసం చివరి సగం నేను అలాగే రాశాను.

ఎవరికి ఏది

కౌలుకో సొంతానికో పత్తి వేసే రైతుకు రెండు ఫోన్లు. జేబులో సాదా బటన్ ఫోను, అందులో పెద్ద ఖాతా నంబరు. ఇంట్లో తక్కువ ధర టచ్ ఫోను, యాప్‌ల కోసం, ఫోటోల కోసం. రెండింటికీ కలిపి పది వేల దాకా అవుతుంది, రెండు రీచార్జీల భారం అదనం. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అంత వద్దనుకుంటే ఇంట్లో ఎవరిదో ఒకరిది టచ్ ఫోను ఉండేలా చూసుకోండి. పక్కింటి కుర్రాడి మీద ఆధారపడితే, వాడు హైదరాబాద్ వెళ్లిన రోజునే స్లాట్లు తెరుచుకుంటాయి.

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు బటన్ ఫోను సలహా ఇవ్వను. మనవరాలి ముఖం చూడాలి కదా. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ లాంటి యాప్ పెట్టాలి. అది టచ్ ఫోనులోనే. డబ్బు వచ్చే ఖాతా నంబరును మాత్రం పక్కన ఒక బటన్ ఫోనులో ఉంచమంటాను.

బస్తాలు మోసేవారు, కాంటా పట్టేవారు, మేస్త్రీలు పనిలో బటన్ ఫోను వాడుకోవాలి. కూలి డబ్బు ఫోన్‌పేలో వేస్తామనే మేస్త్రీ దగ్గర పనిచేస్తే ఇంట్లో ఒక టచ్ ఫోను తప్పదు.

ఇంటర్ చదివే పిల్లలకు చదువు కోసం బటన్ ఫోను కొనిచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. కానీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చే ప్రతి నోటీసు కోసం ఆ పిల్లలు స్నేహితుల ఫోన్లు అడుక్కుంటున్నారు. ఇంట్లో ఉమ్మడిగా ఒక టచ్ ఫోను, హాలులో, చార్జరుకు దగ్గరగా పెట్టమంటాను.

డెబ్బై దాటినవారికి ఇప్పటికే చేతికి అలవాటైనది ఏదైతే అదే. పాత బటన్ ఫోను పోతే అదే కంపెనీ, వీలైతే అదే రకం మళ్లీ కొనండి. మీటల వరుస మారినా తడబడతారు. స్పీడ్ డయల్‌లో 2 నొక్కి పట్టుకుంటే కొడుకు, 3కి కూతురు, 4కి ఆటో అతను.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు, ఏ ఫోనైనా సరే, ముందు *#06# నొక్కండి. పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, వస్తుంది. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ, ఆ అంకెలు కొట్టి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోను వివరం తిరిగి వస్తుంది. దొంగ ఫోను బేరాలు అక్కడే ఆగిపోతాయి. దీనికి బటన్ ఫోను చాలు.

మా అన్నకు చివరికి రెండు ఫోన్ల ఏర్పాటే చేశాం. పాతది పాత నంబరుతోనే జేబులో ఉంది. కొత్త టచ్ ఫోనుకు వదిన పేరున ఖాతా, వదిన పేరున సిమ్. "ఫోను నాకన్నావు, పేరు ఆమెదేమిటి?" అని అడిగాడు. వాడేది వదినే అని ఆయనకూ తెలుసు. రెండో విడత పత్తికి స్లాట్ ఆవిడే పెట్టింది, ఓటీపీ వచ్చింది మాత్రం ఆయన చిన్న ఫోనుకు. చెలక గట్టు మీద నిలబడి ఒక్కో అంకె గట్టిగా చదివి చెబుతుంటే, ఇంట్లో నుంచి ఆమె, "మెల్లగా చెప్పు, ఊరంతా వింటోంది" అన్నదట.